పంచి బతికించిన తోటమాలి - ఎడ్వర్డ్ అగస్టస్ బౌల్స్

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు దేశనాయకుల పేర్లు, కవుల పేర్లు ఎన్నో మనసులో మెదిలాయి. వారిని గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దారి తప్పి, ఒక తోటమాలిని ఎంచుకున్నాను. ఆయన రాజ్యాలు ఏలలేదు, యుద్ధాలు చేయలేదు, నెలజీతం తీసుకుని ఉద్యోగమూ చేయలేదు. పుట్టిన ఇంట్లోనే పెరిగి, ఆ ఇంట్లోనే కన్నుమూశారు. అయినా ఇంగ్లండులో మొక్కల మీద ప్రేమ ఉన్నవారికి ఆయన పేరు ఈనాటికీ సుపరిచితం. ఆయనే ఎడ్వర్డ్ అగస్టస్ బౌల్స్ (1865-1954).

పదవీ విరమణ తరువాత మనలో చాలామందికి పెరటిమొక్కలో, డాబామీది కుండీలో కాలక్షేపం అయ్యాయి. నాకూ అంతే. అయితే మనం పెంచినదంతా మన తరువాత ఏమవుతుందన్న ప్రశ్న ఈ వయసులో అప్పుడప్పుడు మనసును కెలుకుతుంది. బౌల్స్ జీవితం చదివినప్పుడు ఆ ప్రశ్నకు నాకు ఒక సమాధానం దొరికింది. అందుకే ఆయన కథ మీతో పంచుకుంటున్నాను.

బాల్యం, చదువు

లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ దగ్గర మిడిల్టన్ హౌస్ అనే ఇల్లు ఉంది. బౌల్స్ 1865 మే 14న అక్కడే జన్మించారు. లండన్ ప్రజల తాగునీటి కోసం సర్ హ్యూ మిడిల్టన్ అనే ఆయన శ్రద్ధతో 1613లో పూర్తయిన న్యూ రివర్ అనే కాలువ ఆ తోటలోంచే పారేది. ఆయన పేరే ఇంటికి పెట్టారు. బౌల్స్ తండ్రి ఆ కాలువను నడిపే కంపెనీకి గవర్నరు. పూర్వీకులలో ఒక శాఖవారు మతపరమైన హింస తప్పించుకోవడానికి ఫ్రాన్సు విడిచి ఇంగ్లండు చేరిన హ్యూగ్నో ప్రొటెస్టెంట్లు.

కలిగిన కుటుంబమే గాని పిల్లవాడి ఆరోగ్యం అంతంత మాత్రం. ఎనిమిదో ఏట ఒక కంటి చూపు పోయింది. బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పించారు. ఈ ఒంటికంటితోనే తరువాతి కాలంలో ఆయన పువ్వుల చిత్రాలు ఎంతో సూక్ష్మంగా వేశారంటే ఆశ్చర్యం కలుగుతుంది.

పెద్దయ్యాక కేంబ్రిడ్జిలోని జీసస్ కాలేజీలో చేరి మతశాస్త్రం చదివారు. చర్చిలో పురోహితుడు కావాలని ఆయన కోరిక. ఇంతలో 1887లో పిడుగులాంటి కష్టం వచ్చింది. కొద్ది నెలల తేడాలో ఒక సోదరుడు, ఒక సోదరి క్షయవ్యాధితో మరణించారు. క్షయకు మందు లేని రోజులవి. కుంగిపోయిన తల్లిదండ్రులను విడిచి వెళ్లడానికి ఆయనకు మనసొప్పలేదు. తన ఆశయాన్ని పక్కన పెట్టి ఇంటిపట్టున ఉండిపోయారు. వివాహం కూడా చేసుకోలేదు.

అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఊరి చర్చిలో సేవ చేస్తూ, చుట్టుపక్కల పేదపిల్లలకు సాయంకాలం చదువు చెబుతూ, మిగిలిన కాలమంతా తోటకు ఇచ్చారు. ఆ పిల్లలు తోటపనిలోనూ ఆయనకు చేయి సాయం చేసేవారు. వారికి ఊళ్లో బౌల్స్ గారి కుర్రాళ్లని పేరు పడిపోయింది.

తోట నేర్పిన గురువు

మిడిల్టన్ హౌస్ నేల మొక్కలకు అంత అనుకూలమైనది కాదు. అడుగున గులకరాళ్లు. పోసిన నీరు నిలవదు. వానలు తక్కువ. పెద్దచెట్ల వేళ్లు ఉన్న తడినంతా పీల్చేసేవి. పైగా కుందేళ్ల బాధ. ఇటువంటి చోట మొక్కలు నిలబెట్టాలంటే ఒక్కొక్క మొక్క స్వభావం తెలుసుకుని, దానికి తగిన చోటు వెతకాలి. బౌల్స్ చేసిన పని అదే.

ఈ విద్యలో ఆయనకు మార్గం చూపిన పెద్దాయన గ్లాస్టర్‌షైర్‌లోని బిట్టన్ గ్రామ చర్చి పురోహితుడు హెన్రీ ఎల్లకోంబ్. ఆయన తోట ఆ రోజుల్లో పేరుమోసినది. ఎల్లకోంబ్‌కు మొక్కలు సేకరించడం ఎంత ఇష్టమో, వచ్చినవారికి తవ్వి ఇవ్వడమూ అంత ఇష్టం. బిట్టన్ నుంచి మిడిల్టన్ హౌస్‌కు ఎన్నో మొక్కలు చేరాయి. వాటితోబాటు ఆ ఇచ్చే గుణం కూడా శిష్యుడికి వచ్చింది.

ఆల్ప్స్ కొండలు, ఫారర్ స్నేహం

బౌల్స్‌కు ఒక జబ్బు ఉండేది. వేసవి ఆరంభంలో గడ్డి పుప్పొడి గాలిలో లేస్తే తుమ్ములు, కళ్ల మంటలు వచ్చి మనిషి నిలబడలేకపోయేవారు. దాన్ని తప్పించుకోవడానికి ఏటా ఆ రోజుల్లో ఆల్ప్స్ పర్వతాలకు వెళ్లేవారు. జబ్బు పేరుతో వెళ్లినా అక్కడ ఆయన వెతికింది మొక్కలనే.

1910లో ఈ ప్రయాణాలకు ఒక తోడు దొరికింది. ఆయనే రెజినాల్డ్ ఫారర్. యార్క్‌షైర్ వాసి, బౌల్స్ కంటే పదిహేనేళ్లు చిన్నవాడు, మంచి రచయిత, దుందుడుకు మనిషి. బౌల్స్ నెమ్మదస్తుడు. స్వభావాలు వేరైనా కొండమొక్కల పిచ్చి ఇద్దరికీ ఒకటే. రాళ్ల మధ్య కొండమొక్కలు పెంచే రాతితోటలు ఇంగ్లండు సామాన్య గృహస్థులకు కూడా దగ్గర కావడానికి ఫారర్ పుస్తకాలు ముఖ్యకారణం.

ఆ కొండల మీద వీరిద్దరినీ, వీరివంటి మరెందరినో ఆకర్షించిన మొక్కలలో బటర్‌కప్ జాతివి ఉన్నాయి. మన పాఠకులకు ఈ పేరు కొత్త కావచ్చు గాని ఆ కుటుంబం కొత్త కాదు. మనం కొట్లో కొనే కలోంజి, అంటే నల్ల జీలకర్ర, ఆ కుటుంబంలోదే. ఆయుర్వేదంలో వాడే అతివస, విషమైన వత్సనాభి కూడా ఆ కుటుంబంలోవే. ఇంగ్లండు పచ్చికబయళ్లలో మామూలు బటర్‌కప్ పసుపుపచ్చని గిన్నెలా, నూనె రాసినట్లు మెరుస్తూ పూస్తుంది. అది అక్కడి రైతుకు కలుపుమొక్క. ఆకులో మంట పుట్టించే గుణం ఉండడం వల్ల పశువులు కూడా ముట్టవు. దీని లాటిన్ పేరు రానన్‌క్యులస్. చిన్న కప్ప అని దాని అర్థం. తడినేలల్లో ఎక్కువగా పెరుగుతుంది కనుక ఆ పేరు వచ్చింది.

అయితే కొండమీది బటర్‌కప్‌లు వేరు. ఆల్ప్స్‌లో మంచు కరిగే అంచున, నాలుగువేల మీటర్లు దాటిన ఎత్తులో కూడా పూసే ఒక తెల్ల బటర్‌కప్ ఉంది. గ్లేసియర్ బటర్‌కప్ అంటారు. పూసినప్పుడు తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ గులాబీరంగుకు తిరుగుతుంది. కొండమీద దానికి ఏమి దొరుకుతుందో చూడండి. చలికాలమంతా మంచు కప్పుకుని పొడిగా నిద్ర. వేసవిలో రాళ్ల సందున వేళ్ల కిందుగా పారే చల్లని నీరు. పైన మాత్రం ఎండ, గాలి. మైదానంలో ఈ మూడూ ఒకచోట కుదరవు. చలికాలపు వాన తడికి కుళ్లిపోతుంది, వేసవి వేడికి వాడిపోతుంది. అందుకే దాన్ని ఇంటిదగ్గర పూయించడం రాతితోటల వారికి ఒక పరీక్షలాంటిది. లోతుగా తవ్వి, కంకర, రాతిపొడి నింపి, అడుగున నీరు పారే ఏర్పాటు చేసే పద్ధతిని ఫారర్ తన రాతలద్వారా బాగా ప్రచారంలోకి తెచ్చారు.

ఎందుకు పంచుకోవాలి?

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. నా వ్యాసానికి అదే ఆయువుపట్టు.

బటర్‌కప్ కుటుంబంలోని చాలా మొక్కల విత్తనం నిలవ ఉండదు. మన ధాన్యంలా పాతరవేసి మరుసటేడు చల్లుకుందామంటే కుదరదు. ముదరగానే చల్లాలి. చల్లినా కొన్ని ఒక చలికాలం గడిస్తేగాని మొలవవు. దాచుకున్నవాడికి దక్కదు, వెంటనే చేతులు మారితేనే బతుకుతుంది.

రెండో సంగతి ముద్ద పువ్వులది. మన ఇళ్లలో రేక నందివర్ధనం, ముద్ద నందివర్ధనం రెండూ చూస్తాం. ముద్ద పువ్వులో కేసరాలు రేకులుగా మారిపోయి ఉంటాయి. కనుక కాయ కాయడం అరుదు. ముద్ద మందారాన్ని కూడా కొమ్మ నాటే పెంచుకుంటాం గాని గింజతో కాదు. బటర్‌కప్‌లలోనూ ఇటువంటి ముద్ద రకాలు ఉన్నాయి. ఫెయిర్ మెయిడ్స్ ఆఫ్ ఫ్రాన్స్ అనే తెల్ల ముద్ద బటర్‌కప్ శతాబ్దాలుగా ఇంగ్లీషు తోటల్లో ఉంది. హ్యూగ్నో శరణార్థులు దాన్ని తమతో తెచ్చుకున్నారని జనశ్రుతి. ఆ మొక్క ఈనాటివరకూ బతికి ఉందంటే ఒక్కటే కారణం. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దుబ్బు తవ్వి, పిలక విడదీసి, పక్కవారి చేతిలో పెట్టారు. మధ్యలో ఒక్క తరం వారు చేయి ముడుచుకుని ఉంటే ఆ మొక్క వారితోనే పోయేది.

అరుదైన మొక్క ఒక్కరి తోటలోనే ఉంటే దానికి ప్రాణం ఒక్కటే. ఒక గట్టి చలి, ఒక ఎండాకాలం, ఒక కుందేలు, లేదా ఆ యజమాని మరణం చాలు. పదిమంది తోటల్లో ఉంటే పది ప్రాణాలు. ఒకచోట పోయినప్పుడు ఇచ్చినవాడే పుచ్చుకున్నవాడి దగ్గరికి వెళ్లి తిరిగి తెచ్చుకోవచ్చు. మొక్కలు ఇవ్వడం ఔదార్యమే గాని, అందులో ఇంత ముందుచూపు కూడా ఉంది. బౌల్స్ ఈ సూత్రాన్ని జీవితాంతం పాటించారు. తోట చూడవచ్చినవారు ఉత్తచేతులతో తిరిగి వెళ్లడం అరుదు. పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు వచ్చినా, కొత్తగా కుండీ పట్టిన కుర్రవాడు వచ్చినా ఆయన చేతిలో తవ్వుగోల సిద్ధంగా ఉండేది.

వింతమొక్కల ఆశ్రమం

బౌల్స్‌కు అందమైన మొక్కలకంటే వింత మొక్కల మీద మమకారం ఎక్కువ. ఇతరులు లోపమని పీకిపారేసే మొక్కలను తెచ్చి తోటలో ఒక మూల చేర్చారు. దానికి హాస్యంగా పిచ్చాసుపత్రి అని పేరు పెట్టారు. ఈనాడు అటువంటి పేరు ఎవరూ పెట్టరు గాని అక్కడి రోగులను ఆయన కన్నబిడ్డల్లా చూసుకున్నారు. అందులో మొదట చేరినది మెలికలు తిరిగిన కొమ్మల హేజెల్ చెట్టు. ఈ రకం 1860లలో గ్లాస్టర్‌షైర్‌లో ఒక కంచెలో మామూలు చెట్ల మధ్య కనబడింది. దీని గింజ నాటితే మెలికల చెట్టు రాదు. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ ఈ మెలికల హేజెల్ ఉన్నా అది ఆ కంచెలోని చెట్టుకు అంటు తొక్కగా, అంటు కట్టగా వచ్చినదే. ఒకే ఆకు ఉండే స్ట్రాబెర్రీ, కంకికి బదులు ఆకుపచ్చ గులాబీలా విచ్చుకునే ప్లాంటెయిన్ అనే కలుపుమొక్క కూడా ఆయన సేకరణలో ఉండేవి.

పాత వస్తువుల మీదా ఆయనకు ఇదే ఆపేక్ష. ఎన్‌ఫీల్డ్ సంతలో ఒకప్పుడు నిలిచిన రాతి స్తంభాన్ని తీసేసి మూలన పడేస్తే తెచ్చి తన గులాబీల మధ్య నిలబెట్టారు. అది ఈనాటికీ అక్కడ ఉంది.

పుస్తకాలు, ఒక తగాదా

1914లో ఆయన తోటను గురించిన మొదటి పుస్తకం, వసంతకాలపు భాగం, వెలువడింది. వేసవి భాగం అదే ఏడు, శరత్తు-శీతాకాల భాగం 1915లో వచ్చాయి. కబుర్లు చెప్పినట్లు రాసిన ఈ మూడు పుస్తకాలను తోటల సాహిత్యంలో ఇప్పటికీ గౌరవంగా చదువుతారు. తరువాత క్రోకస్, కాల్చికమ్ పూల మీద 1924లోనూ, నార్సిసస్ మీద 1934లోనూ శాస్త్రీయ గ్రంథాలు రాశారు.

మొదటి పుస్తకం మాత్రం చిక్కు తెచ్చింది. దానికి ముందుమాట రాసిన ఫారర్, డబ్బుతో రాళ్ల గుట్టలు కట్టించి మొక్కలను పట్టించుకోని ధనికులను ఎద్దేవా చేశారు. హెన్లీలోని ఫ్రయర్ పార్క్‌లో మాటర్‌హార్న్ శిఖరం నమూనాతో పెద్ద రాతితోట కట్టించిన సర్ ఫ్రాంక్ క్రిస్ప్‌కు అది తనమీద బాణమేనని తోచింది. ఆయన కోపం ముందుమాట రాసినవారి మీద కాక పుస్తకం రాసిన బౌల్స్ మీద విరుచుకుపడింది. ఒక కరపత్రం అచ్చువేయించారు. చెల్సీ పూల ప్రదర్శనలో దాన్ని ఎలెన్ విల్‌మోట్ అనే ప్రసిద్ధ ఉద్యానకారిణి స్వయంగా పంచిపెట్టారని చెబుతారు. స్నేహితుడి మాటకు తాను నిందపడినా బౌల్స్ ఫారర్‌తో స్నేహం వదులుకోలేదు. ఫారర్ మాత్రం ఎక్కువకాలం బతకలేదు. మొక్కల అన్వేషణలో ఉత్తర బర్మా కొండలకు వెళ్లి, 1920లో నలభై ఏళ్ల వయసులో అక్కడే మరణించారు.

గౌరవాలు, ముదిమి

రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారు 1908లో బౌల్స్‌ను తమ పాలకమండలిలోకి తీసుకున్నారు. 1916లో విక్టోరియా మెడల్ ఆఫ్ ఆనర్ అనే ఉన్నత గౌరవం ఇచ్చారు. 1926 నుంచి చనిపోయేవరకు ఆయన ఆ సంస్థకు ఉపాధ్యక్షులు. వృక్షశాస్త్రంలో డిగ్రీ లేకపోయినా ఆ శాస్త్రం చదివినవారు ఆయన అభిప్రాయం అడిగి తెలుసుకునేవారు.

ఆయన చూస్తూండగానే ఈ పంచుకునే అలవాటు వ్యక్తుల నుంచి సంఘాలకు పాకింది. 1929లో ఇంగ్లండులో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, 1933లో స్కాట్లండులో రాక్ గార్డెన్ క్లబ్ ఏర్పడ్డాయి. సభ్యులు తమ తోటలో ముదిరిన విత్తనం కోసి, శుభ్రం చేసి, పేరు రాసి సంఘానికి పంపుతారు. సంఘం జాబితా తయారుచేసి అందరికీ పంచుతుంది. అరుదైన బటర్‌కప్‌లు, అనిమోనీలు ఎన్నో ఈ దారినే ఇంటింటికీ చేరాయి. ఈ పని చేసేవారిలో చాలామంది మనవంటి విశ్రాంత ఉద్యోగులే అయి ఉంటారని నా ఊహ.

వయసు మీదపడి ఉన్న కంటిచూపు మందగించినా బౌల్స్ పని మానలేదు. చివరి రోజుల్లో బటర్‌కప్ కుటుంబానికే చెందిన అనిమోనీల మీద ఒక గ్రంథం రాయడానికి పూనుకున్నారు. అది పూర్తికాలేదు. 1954 మే 7న, ఎనభై తొమ్మిదో పుట్టినరోజు ఇంకో వారం ఉందనగా, పుట్టిన ఇంట్లోనే తుదిశ్వాస విడిచారు.

ఆయన తరువాత

బౌల్స్‌కు సంతానం లేదు. ఆస్తి లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రెండు విద్యాసంస్థలకు చేరింది. ఒకటి వైద్యకళాశాల, రెండోది ఔషధశాస్త్ర కళాశాల. వారి అవసరాలు వేరు. ఒక మనిషి అరవై ఏళ్లకు పైగా ప్రతి మొక్కనూ పేరుపెట్టి పలకరించిన తోటను అదే ప్రేమతో చూసుకోవడం ఏ సంస్థకైనా కష్టమే. తోట పొదలు పట్టి కళ తప్పింది. 1960ల చివర లీ వ్యాలీ ప్రాంతీయ పార్కు సంస్థ చేతికి వచ్చింది. తరువాత మెల్లగా బాగుచేయడం మొదలైంది. 1992లో అభిమానులు ఆయన పేరుమీద ఒక సంఘం పెట్టుకున్నారు. లాటరీ నిధి సహాయంతో చేపట్టిన పెద్ద పునరుద్ధరణ 2011 నాటికి పూర్తయింది. ఆ తోటను ఈనాడు ప్రజలు వెళ్లి చూడవచ్చు.

తోట పాడుపడిన ఆ సంవత్సరాలలో ఆయన మొక్కలు ఏమయ్యాయి? బతికే ఉన్నాయి, ఇతరుల తోటల్లో. బౌల్స్ పేరు మోస్తున్న మొక్కల రకాలు నలభైకి పైగా ఉన్నాయంటారు. ఊదారంగు పూల ఎరిసిమమ్, బంగారు ఆకుల తుంగ, ఇంచుమించు నల్లగా పూసే చిన్న వయొలా, ఊదా ఛాయల అడవి అనిమోనీ ఆయన పేరుతోనే నర్సరీలలో దొరుకుతున్నాయి. ఆల్ప్స్‌లో లా గ్రావ్ అనే ఊరి శ్మశానంలో ఆయన చూసి తెచ్చిన నీలిపూల విన్కా ఇప్పుడు ఎన్నో దేశాల్లో నేల కప్పుతోంది. ఆయన గింజనుంచి పెంచి పక్షుల పేర్లు పెట్టిన క్రోకస్‌లలో స్నో బంటింగ్ అనే తెల్లనిది ఈనాటికీ అమ్ముతున్నారు. ఇవన్నీ ఆయన ప్రహరీగోడ లోపలే ఉండిపోయి ఉంటే ఎన్ని మిగిలేవో ఆలోచించండి.

ఇల్లు చేతులు మారింది, తోట కళ తప్పింది, చివరి పుస్తకం సగంలో ఆగిపోయింది. తన చేతులతో ఇతరులకు ఇచ్చినది మాత్రం ఈనాటికీ పూస్తోంది. తాను పెంచినది తన తరువాత ఏమవుతుందన్న దిగులుకు ఆయన బతికిన తీరే జవాబని నాకు అనిపిస్తుంది. ఇది మొక్కలకు మాత్రమే చెల్లే మాట కాదు. మనలో ఒకరికి పాత లెక్కల పద్ధతి తెలుసు, ఒకరికి పెన్షన్ నిబంధనలు కంఠస్థం, ఒక సోదరికి ఎవరికీ రాని ముగ్గు వచ్చు, మరొకరి వంటింట్లో ఎవరికీ తెలియని ఒక పచ్చడి ఉంది. ఇవీ ముద్ద పువ్వులవంటివే. గింజ కట్టవు, చేతినుంచి చేతికి వెళితేనే ఉంటాయి.

చివరగా ఒక చిన్న మనవి. మన సంఘ సర్వసభ్య సమావేశానికి వచ్చేవారు వీలైతే ఇంటినుంచి ఒక మల్లె అంటో, చేమంతి పిలకో, కనకాంబరం నారో తడిగుడ్డలో చుట్టి తీసుకురండి. దానితోపాటు ఒక చీటీ మీద మొక్క పేరు, ఎవరింటినుంచి వచ్చిందో రాయండి. వెళ్లేటప్పుడు మరొకరు తెచ్చినది పట్టుకెళ్లండి. నా వంతుగా మా పెరటి ముద్ద నందివర్ధనం కొమ్మలు కొన్ని వేరు పట్టించి ఉంచాను. కావలసినవారు సంకోచించకుండా అడగవచ్చు.